కొండవైపు గోతులు

నా చిన్నప్పుడు ఇంట్లో నాకున్న పేరు అనుమానపు పక్షి. పాలవాడు నవ్వుతూ వస్తే ఆరోజు నీళ్ళెక్కువ కలిపాడేమోనని చెంబులోకి తొంగిచూసేదాన్ని. మా నాన్నమ్మ బెల్లంముక్క పెడితే చెల్లెలి ముక్క పక్కన పెట్టి సరిచూసుకునేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఆ పేరుకి లోలోపల పొంగిపోయేదాన్ని. పదకొండేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద బిరుదు ఏం కావాలి?

అప్పుడు మేము రాయగడ దగ్గర ఒక మిల్లు కాలనీలో ఉండేవాళ్ళం. కాలనీలో చాలామంది మాలాగే శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. పక్క క్వార్టర్లో ఉండే మావయ్య మిల్లులో ఫిట్టరు. సాయంత్రమైతే మిల్లు హాకీ జట్టులో ఫుల్‌బ్యాకు. అంటే ఎదుటివాళ్ళు గోలు దాకా రాకుండా అడ్డుకునేవాడు. ఆయన తమ్ముడు మాత్రం దేశం తరఫున ఆడేవాడు. పేపర్లో బొమ్మ, రేడియోలో పేరు. మావయ్యని కాలనీలో ఎవరూ సొంత పేరుతో పిలవగా నేను వినలేదు. జిల్లా పోటీల్లో మైకు పట్టుకున్న మనిషి కూడా, మావయ్య బంతి ఆపిన ప్రతిసారీ తమ్ముడి పేరు చెప్పి, వారి అన్నగారు ఆపారు అనేవాడు. పద్నాలుగేళ్ళుగా ఆడుతున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో నేనూ ఆలోచించాను. కాకపోతే నా పద్ధతిలో ఆలోచించాను.

కుళాయి దగ్గర ఆడవాళ్ళ మాటలు నాకు బాగా ఒంటబట్టాయి. "ఒక్క కడుపున పుట్టినోలే. ఒకడు పల్లకీలో, ఒకడు పల్లకీ కింద. కుళ్ళు ఉండదేటి మరి?" అని ఒకావిడ అంది. ఆ రోజునుంచి నేను మావయ్య మీద ఒక కన్నేసి ఉంచాను. సాక్ష్యాలకి కొదవ లేదు. వాళ్ళింట్లో గోడకి తమ్ముడి ఫోటో ఒక్కటీ లేదు. రేడియోలో తమ్ముడి ఆట వస్తుంటే కాలనీ అంతా చెవులు రిక్కించేది, మావయ్య మాత్రం మధ్యలో రేడియో కట్టేసి బయటికి పోయేవాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను.

ఆ ఏడు మా కాలనీ కప్పు ఫైనల్‌కి పెద్ద ఊరి నుంచి ఒక జట్టు వచ్చింది. ఆ జట్టులో తమ్ముడున్నాడు. అన్నదమ్ములిద్దరూ పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే, హాకీ కర్ర పట్టింది మా గ్రౌండులోనే. అయినా పెద్దయ్యాక ఎదురెదురుగా ఒక్కసారీ ఆడలేదు. తమ్ముడు కుడివైపు నుంచి పరుగెత్తుకొచ్చే ఆటగాడు. అతన్ని అడ్డుకోవలసిన చోటు సరిగ్గా మావయ్యది. అత్తయ్య నాలుగు రోజుల ముందునుంచే మావయ్య బనీను ఉతికి, గంజి పెట్టి, మళ్ళీ ఉతికింది. అదే ఆఖరి ఏడాదని ఆయన మోకాళ్ళు అప్పటికే చెప్పేశాయి.

మా గ్రౌండు ఎర్ర మొరం నేల. వాన పడితే కొండవైపు అంచున కిందనున్న రాళ్ళు పైకి తేలేవి. ఫైనల్ ముందురోజు సాయంత్రం చెల్లెలి రిబ్బను వెతుక్కుంటూ నేను అటు వెళ్ళాను. ఎండ ఇంకా కొండమీద ఉంది. గ్రౌండులో ఎవరూ లేరు, మావయ్య తప్ప. కొండవైపు గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవరుతో నేలని తవ్వుతున్నాడు. ఒక గొయ్యి అయ్యాక రెండడుగులు జరిగి ఇంకొకటి. పక్కన ఒక గోనెసంచి. మధ్యమధ్య గుమ్మడికాయల దొంగలా అటూ ఇటూ చూస్తున్నాడు. రెండో సగంలో జట్లు వైపులు మారాక తమ్ముడు పరుగెత్తేది ఆ అంచునే అని కాలనీలో కుక్కపిల్లకి కూడా తెలుసు. నాకు గుండె దడదడలాడింది. భయం కన్నా సంతోషమే ఎక్కువ, నా అనుమానం నిజమైందని. నాలుగు గోతులు లెక్కపెట్టి, గోలుచెక్కల వెనకనుంచి ఇంటికి పరుగు లంకించుకున్నాను.

నేను మా నాన్నకి చెప్పాను. మా నాన్న జట్టు చూసుకునే ఆఫీసరుకి చెప్పారు. ఇద్దరూ వెళ్ళేసరికి గోతులు లేవు, వాటి చోట తడి మన్ను ఉంది. ఆఫీసరు బూటుతో నొక్కితే మెత్తగా దిగిందట. కాలు మెలితిరగడానికి అంతకంటే ఏం కావాలన్నాడట. మావయ్యని పిలిచి అడిగితే తల దించుకున్నాడే గాని నోరు మెదపలేదు. "తప్పు నేకపోతే సెప్పడా?" అంది మా అమ్మ, అన్నం వడ్డిస్తూ. బయట గొడవైతే మిల్లు పరువు పోతుందని గుట్టుగా జట్టులోంచి ఆయన పేరు కొట్టేశారు. ఒంట్లో బాగోలేదని తమ్ముడికి చెప్పారు.

ఆట మొదలైంది. మావయ్య మామూలు చొక్కాతో వచ్చి, కుర్చీల దగ్గరికి రాకుండా కొండవైపు అంచున నేలమీద కూర్చున్నాడు. బాగోలేని మనిషి ఇక్కడికెందుకు వచ్చాడా అని నాకు మళ్ళీ అనుమానం. ఆయనకి ఎదురుగా చేరి కళ్ళార్పకుండా చూశాను. రెండో సగంలో తమ్ముడు ఆ అంచుకి వచ్చాడు. ఇప్పుడు పడతాడు, ఇప్పుడు పడతాడు అని నేను గౌను అంచు నలుపుతున్నాను. అతను ఆ తడి మన్ను చోట్ల మీదుగా ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు పరుగెత్తాడు. మన్ను గట్టిగా ఆరి ఉంది. కాలు దిగలేదు, బంతి ఎగరలేదు. చివరికి అటునుంచే దూసుకెళ్ళి గోలు కొట్టాడు. మిల్లు ఓడిపోయింది. జనమంతా బంతివైపు చూసి అరుస్తుంటే, మావయ్య తమ్ముడి పాదాలవైపే చూస్తున్నాడు. ఆ గ్రౌండులో బంతిని చూడనివాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే.

ఆదివారం పొద్దున్న మావయ్య మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మి, ఓపాలి గ్రౌండు కాడికి రా" అన్నాడు. చెప్పింది నేనేనని ఆయనకి తెలిసిపోయిందన్నమాట. తిడతాడనుకున్నాను. ఆయన కొండవైపు అంచున కూర్చోబెట్టి నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు. నేలలోంచి ముక్కు బయటపెట్టిన ఒక రాయిని చూపించి తియ్యమన్నాడు. చెమటలు పట్టేదాకా తవ్వి రాయి పీకాను. దాని చోట ఇంత గొయ్యి మిగిలింది.

"అయిపోనాది. ఇంక ఇంటికెల్లిపో" అన్నాడు.

"గొయ్యి ఉండిపోనాది కదా మావయ్యా. ఎవులైనా పడిపోతారు" అన్నాను.

"అంతే మరి. ఆ రోజు నువ్వు గొయ్యి సూసి ఎల్లిపోనావు. పూడ్సేదాకా ఉండనేదు."

అని, గోనెసంచిలోంచి పుట్టమన్ను తీసి, నీళ్ళు చల్లి, గోతిలో కూరి, మడమతో తొక్కడం నేర్పించాడు. ఆ మన్ను ఆరాలంటే ఒక రాత్రి పడుతుందట, అందుకే ముందురోజు సాయంత్రం చేశాడు. చిన్నప్పుడు ఆ అంచునే రాయి తగిలి తమ్ముడు చీలమండ విరగ్గొట్టుకుంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసింది ఈయనే. రేడియో ఎందుకు కట్టేసేవాడివని అడిగాను. "భయం, అమ్మి. ఆడు పడిపోనాడని సెప్తారేమోనని" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడే వెళ్ళి ఆఫీసరుకి నిజం చెప్పేస్తానని లేచాను. మావయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "వొద్దు. అన్న దారి సదును సేసేడు కాబట్టే తమ్ముడు గోలు కొట్టేడంతారు. ఆడి ఆటకి ఆ మాట రాకూడదు. నన్నేటనుకున్నా పరవానేదు" అన్నాడు. అప్పటికి తెలిసింది నాకు, ఆఫీసరు ముందు ఆయన నోరు ఎందుకు మెదపలేదో.

మరుసటి ఏడు ఆయన ఆడలేదు. తమ్ముడితో ఎదురెదురుగా ఆడే రోజు మళ్ళీ రాలేదు. ఆ ఆదివారం ఆయనకి ఇచ్చిన మాట ప్రకారం నేను ఎవరితోనూ అనలేదు. అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు గనక ఇది రాస్తున్నాను. నా అనుమానం బుద్ధి పోయిందని మాత్రం అబద్ధం చెప్పను, పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు. కాకపోతే ఇప్పుడు ఎవరిమీదైనా అనుమానం పుడితే, మాట నోటిదాకా వచ్చినా ఆపుకుని, మన్ను వేసేదాకా ఇంకొంచెంసేపు నిలబడతాను.

మొన్న కాలనీ క్లబ్బుకి వెళ్ళాను. ఆ ఫైనల్ నాటి ఫోటో ఇంకా గోడమీద ఉంది. ఇప్పటి పిల్లలు తమ్ముణ్ణి వేలుపెట్టి చూపించుకుంటున్నారు. మిల్లు జట్టువైపు పదకొండుమందీ ఉన్నారు, ఆయన లేడు. అసలు ఎందుకు లేడో తెలిసినవాళ్ళం ఇన్నాళ్ళూ ఆయనా నేనూ ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే.