దించమన్న చెయ్యి

ఇది ఒక మహాగాథ. ఇందులో పర్వతాలున్నాయి, అడుగు కనపడని లోయలున్నాయి, మేఘాలను చీల్చుకుంటూ దూసుకెళ్లే రథముంది, మృత్యువుతో ముఖాముఖి ఉంది.

లేదు. ఇది గేర్ల గురించి. రథం అంటే అద్దెకు తెచ్చిన క్యారవాన్. మేఘాలు మాత్రం నిజమే, వానాకాలంలో సాపుతారా కొండ మీద అవి ఊరికే దొరుకుతాయి.

నేను దయ్యాలను నమ్మను. ఇది ముందే చెప్పేస్తే మంచిది. మా సూరత్‌లో డుమస్ బీచ్‌కి దయ్యాల బీచ్ అని పేరు. నేనక్కడికి లెక్కలేనన్ని సార్లు వెళ్లాను. టమాటా భజియాలు తిన్నాక వచ్చిన కడుపునొప్పి తప్ప నన్ను ఏదీ పట్టుకోలేదు.

ఇక మా బాపు గురించి చెప్పాలి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి సూరత్‌లోని పాండెసరాలో ముప్పై ఏళ్లు సాంచలు నడిపాడు. సాంచ అంటే మరమగ్గం. వంద సాంచలు ఒకే షెడ్డులో కొట్టుకుంటుంటే, పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ముప్పై ఏళ్లలో బాపు చెవులు పోయాయి, చేతుల భాష మిగిలింది. దాన్ని ఇంటికి తెచ్చాడు. వడోద్‌లోని మా గదిలో అమ్మా, అక్కా, నేనూ ఆ భాషలోనే పెరిగాం.

అందులో ఒక సైగ ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి, గాలిని రెండుసార్లు నొక్కడం. ‘దించు’ అని దాని అర్థం. షెడ్డులోనైతే నేత పూర్తయిన గుడ్డ చుట్టను సాంచ మీంచి దించమని. ఇంట్లోనైతే స్టవ్ మంట తగ్గించమని, టీవీ తగ్గించమని, గొంతు తగ్గించమని. చుట్టాల ముందు నేను జోకులేసిన ప్రతిసారీ బాపు చెయ్యి లేచేది. నా జన్మలో నేను ఎక్కువసార్లు చూసిన సైగ అదే.

ఈ ప్రయాణానికి ఎనిమిది నెలల ముందు బాపు కుడి భుజం పనిచేయడం మానేసింది. సాంచ మానేశాడు. చివరికి ఆపరేషన్ చేయించాం. ఇంటికి వచ్చాక ఏం కావాలో అడిగితే సాపుతారా చూస్తానన్నాడు. ముప్పై ఏళ్లు సూరత్‌లో ఉండి ఆయన చూసిన అత్యంత దూర ప్రాంతం ఉధనా రైల్వేస్టేషన్. డాక్టర్ వద్దనలేదు కానీ షరతు పెట్టాడు: కూర్చోకూడదు, పడుకునే వెళ్లాలి, చెయ్యి కట్టు కదలకూడదు. గట్టి కుదుపు ఒక్కటి పడినా లోపల వేసిన కుట్టు ఊడుతుంది, ఇంకోసారి కోస్తే చెయ్యి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు.

మంచం ఉన్న బండి కావాలి. అందుకే క్యారవాన్. డ్రైవర్‌ని నేనే. నాకు అడాజన్ ఫ్లై ఓవర్ దాటిన అనుభవం ఉంది, అంతకంటే ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు.

పక్క సీట్లో మా బావ, అంటే అక్క మొగుడు. ఇడ్లీ బండి నడుపుతాడు కాబట్టి బండ్ల గురించి అన్నీ తెలుసని ఆయన నమ్మకం. అక్క పిల్లల పరీక్షల వల్ల రాలేదు. వెనక మంచం మీద బెల్టు కట్టి పడుకోబెట్టిన బాపు. ఆ మంచం పక్కనున్న సీట్లో అమ్మ.

ఎక్కడం బాగానే ఎక్కాం. సెకండ్ గేర్‌లో ఎద్దులా రొప్పుతూ ఎక్కింది. పైన మబ్బు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. బాపు చాలాసేపు చూసి, మన షెడ్డు లెక్కనే ఉన్నదన్నాడు. దూది ఎగిరే గాలిలో బతికినవాడికి మేఘం చూపిస్తే అంతే.

మర్నాడు మధ్యాహ్నం దిగడం మొదలుపెట్టాం. బావ వెంటనే సలహా ఇచ్చాడు.

“న్యూట్రల్ల ఏసి ఇడువు బామ్మర్దీ. బండి దానంతటదే ఉరుకుతది, డీజిల్ మిగులుతది.”

అది ప్రమాదమని నాకు తెలుసు. నేను చదువుకున్నవాణ్ణి. అందుకని అంతకంటే ఆధునికమైన తప్పు చేశాను. స్టీరింగ్ మీద క్రూజ్ కంట్రోల్ బటన్ ఉంది. నాలుగో గేర్‌లో నలభై మీద పెట్టాను. నలభై అని చెబితే నలభైలోనే ఉంటుంది కదా, అది యంత్రం, దానికి మాట మీద నిలబడటం తెలుసు అనుకున్నాను.

నలభై ఐదయింది. యాభై దాటింది. క్రూజ్‌కి ఆక్సిలరేటర్ వదలడమే తెలుసు, బ్రేకు వేయడం తెలియదని నాకు తెలియదు. బ్రేకు నొక్కాను, క్రూజ్ ఆగిపోయింది. మలుపు తిరిగాక మళ్లీ ఆన్ చేశాను. అది నమ్మకంగా, తన డ్యూటీ అన్నట్టు, దిగుడులో కూడా బండిని నలభైకి తోసింది. మళ్లీ బ్రేకు. మళ్లీ ఆన్. ఇలా ఎన్ని మలుపులో లెక్క లేదు.

ముందు వాసన వచ్చింది. కాలిన రబ్బరు లాంటిది. బావ కిటికీలోంచి తల బయట పెట్టి, ఎవరో టైర్లు కాలుస్తున్నారన్నాడు. ఆ ఎవరో మనమే అని నాకు అర్థమయ్యేసరికి బ్రేకు పెడల్ మెత్తబడింది. తడి స్పంజి మీద కాలేసినట్టు దిగిపోతోంది, బండి మాత్రం ఆగడం లేదు. ఎడమ పక్క పిట్టగోడ. దాని అవతల మబ్బు.

నేను అరవడం మొదలుపెట్టాను. ఏమరిచానో గుర్తు లేదు. దేవుళ్ల పేర్లు, బావ పేరు, కొన్ని అచ్చు వేయలేనివి. బండిని గోడకు రాసి ఆపాలనే ఆలోచన వచ్చింది. ఆగుతుంది. కానీ వెనక బాపు భుజం? అదొక్కటే తలలో తిరుగుతోంది.

అప్పుడు లోపలి అద్దంలో చూశాను. నా సీటు వెనకుండే తెర పక్కకు కట్టి ఉంది, వెనక గది సగం కనపడుతోంది. మంచం దగ్గర నుంచి ఒక చెయ్యి లేచి ఉంది. అరచెయ్యి కిందికి. గాలిని రెండుసార్లు నొక్కింది. ఆగింది. మళ్లీ రెండుసార్లు.

నేను నోరు మూసుకున్నాను. వేరే ఆలోచనే రాలేదు. ఆ సైగకు నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన అర్థం అదే: గొంతు దించు.

నోరు మూసుకున్నాక ఇంజిన్ వినిపించింది. వినిపించడమంటే, వినిపించలేదు. ఇంత బండి ఇంత వేగంతో దిగుతుంటే అది నిద్రపోతున్నట్టు గొణుగుతోంది. ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో ఎంత రొప్పిందో గుర్తొచ్చింది. అద్దంలో చెయ్యి ఇంకా నొక్కుతోంది. దించాల్సింది గొంతు కాదు, గేరు.

క్లచ్ తొక్కి మూడో గేర్‌లోకి దించాను. ఇంజిన్ కేకపెట్టింది, వేగం కొంచెం తగ్గింది. మళ్లీ దించాను. సెకండ్. అప్పుడు బండిని ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజినట్టు మెల్లగా పట్టేసింది. గోడను తాకలేదు. కుదుపు కూడా లేదు. రెండు మలుపుల తర్వాత మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర చదును దొరికితే ఆపాను.

వెనక్కి పరుగెత్తాను. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ప్లాస్టిక్ కవర్లో తల పెట్టి వాంతి చేసుకుంటోంది. రెండు చేతులూ కవర్‌కే అంకితం. బాపు బెల్టు కింద అలాగే పడుకుని ఉన్నాడు. మందుల నిద్ర. కుడి చెయ్యి డాక్టర్ కట్టినట్టే ఛాతీకి కట్టి ఉంది. ఎడమ చెయ్యి దుప్పటి కింద, బెల్టు లోపల.

లేపి, ముఖం ముందుకు వెళ్లి, పెదాలు కనపడేలా అడిగాను. నువ్వు దించమన్నావా అని. అనలేదన్నాడు. అద్దంలో చూసింది చెప్పాను. మొదట నవ్వాడు, నేను కొత్త జోకు వేశానని. తర్వాత నవ్వు ఆపాడు.

“ఏ చెయ్యి?” అన్నాడు.

కుడి చెయ్యి అని చెప్పాను. మోచేతి దాకా వెంట్రుకల మీద తెల్లగా నూగు అంటుకుని ఉందని కూడా చెప్పాను, షెడ్డు నుంచి వచ్చినప్పుడు ఆయనకు ఉండేలాగ. బాపు కట్టు కట్టిన తన చేతిని చూసుకున్నాడు.

బావ దగ్గర వివరణలు ఉన్నాయి. నూగు దుప్పటిదట. చెయ్యి అమ్మదట. లేకపోతే భయంలో నాకు నేనే చెప్పుకున్నానట. అన్నీ మంచి వివరణలే. ఒక్కోటి ఒక్కో రోజు నమ్ముతాను. కానీ గేర్ దించాలని ఆ రోజుకి నాకు తెలియదు. తెలియని సంగతి నాకు నేను ఎలా చెప్పుకున్నానో బావ చెప్పలేదు.

బాపు భుజం నయమైంది. కానీ ఆ సైగ మానేశాడు. టీవీ మోత ఎక్కువైతే లేచి వెళ్లి తానే తగ్గిస్తాడు. మొన్న చుట్టాల ముందు నేను వరసగా మూడు జోకులు వేశాను, కావాలనే. ఆయన చెయ్యి ఒళ్లోంచి సగం లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకున్నాడు. నేను నాలుగో జోకు వేయలేదు.

అది ఎవరి చెయ్యో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసింది ఒకటే, అది క్యారవాన్ ఓనరు చెప్పాడు: బ్రేకులు కాలినప్పుడు బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు, చక్రానికి అతుక్కుపోతుంది. చక్రాల కింద రాళ్లు పెట్టుకోవాలి.