స్కానింగులో నేను చూసిన మనవడు

రాయి దీవెనా, అక్షరం మింగకుండా రాయి. ఒక్క చీటీ ముక్కతో మీ అమ్మమ్మ ఒక మంచి డాక్టరమ్మను జైలు గుమ్మం దాకా తీసుకెళ్లిన కథ ఇది.

మీ అమ్మ నిన్ను మోస్తున్న రోజులు. మారేడ్‌పల్లిలో స్కానింగుకు నేనూ వెంట వెళ్లాను. ఆడో మగో చెప్పడం నేరమని గోడ మీద బోర్డుంది. నేను బడిపంతులమ్మని కదా, బోర్డులు పిల్లలకే అనుకునేదాన్ని.

"డాక్టరమ్మా, స్వెటర్ అల్లాలి. నీలం ఊలు కొననా, గులాబీదా?"

"పసుపుది కొనండి టీచరమ్మా, ఎవరికైనా మంచిగుంటది."

"అమ్మా, జెర ఊకో," అంది మీ అమ్మ పడుకునే. "ముందు బిడ్డ మంచిగున్నదా అని అడుగు."

ఆమె చెప్పకపోతేనేం, నాకు కళ్లు లేవా? తెర చూస్తే యాంటెన్నా తిరిగిపోయిన టీవీలా అంతా చుక్కలే. ఆ చుక్కల్లో చిన్న పుల్లలాంటిది కదిలింది. అంతే, మనవడు. కోడిగీతల చేతిరాతలు ముప్పై ఏళ్లు చదివిన కళ్లు పొరబడతాయా?

ఆదివారం చర్చిలో కృతజ్ఞత చీటీ వేశాను: "స్కానింగులో మనవణ్ణి చూపించిన దేవునికి స్తోత్రం." పాస్టరుగారు మైకులో చదివి, "స్కాన్ చేసిన మన సంఘపు డాక్టరమ్మను కూడా దేవుడు దీవించును గాక," అని కలిపారు. అందరూ ఆమెన్ అన్నారు. మూడో బెంచీలో డాక్టరమ్మ మాత్రం అనలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

బయట పట్టుకుంది. "నేనేమన్న చెప్పిన్నా టీచరమ్మా?"

"లేదమ్మా."

"ఈ ముచ్చట బయటికి పోతే మిషన్‌కు సీల్ వేస్తరు, నన్ను లోపలేస్తరు. చెప్పలేదంటే ఎవరు నమ్ముతరు?"

ఎవరూ నమ్మలేదు. నేను బెంచీ బెంచీకి వెళ్లి డాక్టరమ్మ ఏమీ చెప్పలేదంటే, "మాకు తెలుసులే టీచర్," అని కన్నుగీటారు. వారం తిరక్కముందే, "టీచరమ్మకు చెప్పినట్టు మాకూ చెప్పండి," అంటూ క్లినిక్కు ముందు వరస కట్టారు. అందులో ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకామె, మూడోదీ ఆడపిల్లయితే ఉంచుకోనందట. ఆమెను కూర్చోబెట్టి మాట్లాడి పంపేసరికి డాక్టరమ్మ గొంతు పోయింది. ఆ బోర్డు ఎవరి కోసమో నాకు అప్పటికి అర్థమైంది.

ఇక నా ప్రార్థన మారిపోయింది. మనవణ్ణి చూపినందుకు స్తోత్రం చెప్పిన నోటితోనే, "ప్రభువా, దయచేసి ఆడపిల్లనివ్వు," అని మోకాళ్లు అరిగేలా అడిగాను. దేవుడికి కూడా నవ్వొచ్చే ఉంటుంది.

కాన్పు రోజు డాక్టరమ్మే నిన్ను ఎత్తుకొని బయటికొచ్చింది. బొటనవేలు నోట్లో పెట్టుకొని ఉన్నావు.

"ఆడపిల్ల టీచరమ్మా. మీరు చూసిన పుల్ల గీ వేలే. తల్లీబిడ్డా మంచిగున్నరు, నేను సుత మంచిగున్న."

ఆ ఆదివారం మైకు నేనే అడిగి తీసుకున్నాను. "డాక్టరమ్మ నాకు చెప్పి ఉంటే నేను మనవడని రాసేదాన్నా?" ఈసారి అందరూ నమ్మారు. మగపిల్లాడివై ఉంటే నమ్మేవారే కాదు. మొదటి ఊపిరి పీలుస్తూనే ఒకరి పరువు కాపాడావు తల్లీ, నీ రుణం తీరదు.

ఇక ఇది పెద్ద అక్షరాలతో రాయి: ఇకమీదట ఏ తెర మీద ఏది కదిలినా నేను చూడను, చూసినా చెప్పను, చెప్పినా చీటీ మీద మాత్రం రాయను.

నవ్వకుండా రాయవే.