తడిసిన బొమ్మల కట్ట

నిన్న అంగట్లో ఎవరో వసకొమ్ము దంచుతుంటే ఆ ఘాటుకు నా అడుగు ముందుకు పడలేదు. ఇరవై ఏళ్ళ కిందట, రాజమహేంద్రవరం దగ్గర మా మిషను ఆడపిల్లల బడిలో, సుగుణమ్మగారు పెట్టె మూత తీస్తే గదంతా ఇదే వాసన. ఆవిడ పెద్ద పంతులమ్మ. నేను కొత్తగా చేరిన సహాయ పంతులమ్మను.

పెట్టెలో ఉన్నవి ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన నవ్వుల బొమ్మల పత్రికలు. బడిని చూసే దొరసానిగారి తమ్ముడు చిన్నప్పటినుంచి పోగుచేసుకున్నవట. అతను జ్వరంతో పోయాక ఆవిడ వాటిని మా పిల్లల కోసం ఇచ్చారు. క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా ఆ బొమ్మలు చూస్తూ కథలు అల్లేవారు. సుగుణమ్మగారు వాటిని మడవనిచ్చేవారు కాదు. నూలుగుడ్డల మధ్య పరిచి, మూలల్లో వసకొమ్ము, ఎండు వేపాకు పెట్టి, పెట్టెను ఇటుకల మీద ఎత్తుగా ఉంచేవారు.

ఒక శనివారం నేను ఆ పత్రికల కట్ట ఒకదాన్ని పెట్టెలో పెట్టడానికి బద్ధకించి గోడ కింది అరలోనే వదిలేశాను. మర్నాడు కాలువ గట్టు తెగింది. సోమవారం తలుపు తీసేసరికి గదిలో చీలమండల లోతు నీళ్ళు. పెట్టెకు ఏమీ కాలేదు. కట్ట మాత్రం నాని ముద్దయింది. కంగారులో పై కాగితం పట్టుకుని లాగాను. సగమే చేతికొచ్చింది.

"లాగకమ్మా!" అంటూ సుగుణమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. "ముందు తడి పీల్చాలి. పొడిగుడ్డలు పట్రా."

గుడ్డలు తెచ్చాక అడిగారు. "దీన్ని బయటెవరు పెట్టారు?"

నేను వంగి గుడ్డల మడతలు విప్పసాగాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

గురువారం దొరసానిగారి పడవ వస్తుందని కబురు. మూడు రోజులు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని గుడ్డలు మార్చాం. సగం ఆరాక వెదురు పుల్లతో ఒక్కో కాగితాన్నీ విడదీసి నీడలో పరిచాం. ఎండలో పెడితే వంకర్లు పోతాయని సుగుణమ్మగారు ఎండను వాటి దగ్గరికే రానివ్వలేదు. చిరిగినదాన్ని, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన గంజితో అతికారు.

గురువారం పడవ దిగి వచ్చిన దొరసానిగారు అతుకు మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చింపారు?" అన్నారు.

"పెట్టె నా చేతిలోదండి. తప్పు నాదే," అన్నారు సుగుణమ్మగారు.

"అయితే వీటిని నేను తీసుకుపోతాను."

"కాదండీ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బయట వదిలింది నేను. చింపిందీ నేనేనండి."

అయినా పెట్టె పడవెక్కింది. రేవు నుంచి వస్తూ సుగుణమ్మగారు అన్నారు: "పెట్టె పోయిందని కాదమ్మా నా బాధ. మూడు రోజులు పక్కన కూర్చున్నావు. ఇప్పుడు చెబుతుందేమో, ఇప్పుడు చెబుతుందేమో అని చూశాను." నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

వానలు వెనకపట్టాక పెట్టె తిరిగి వచ్చింది. "ఇద్దరూ చూసుకోండి" అని మాత్రం చీటీ. సుగుణమ్మగారు తాళంచెవి తీసి నా కొంగున ముడివేశారు. "నాకెందుకండీ?" అన్నాను భయపడుతూ. "ఇక నువ్వు మర్చిపోవు," అన్నారు.

ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు నేనే ఆ బడికి పెద్ద పంతులమ్మను. తప్పు ఒప్పుకోవలసి వస్తే ఇప్పటికీ నాకు భయమే. అయినా ఎవరూ అడగకముందే చెప్పేస్తాను.