సేవ్ చేయని మార్పు

ఆఫీసులో అందరూ ఆయన్ని రూటర్ తాత అంటారు. నిజానికి ఆయనకి యాభై ఏడే. ముసలివైపోయినవి ఆయన చూసే రూటర్లు. ఆ పాత పెట్టెలు ఇంకా రెండే మిగిలాయి. ఒకటి ఆయన కుర్చీ వెనక ఉంది, రెండోది వంద కిలోమీటర్ల అవతల ఓ చిన్న ఆసుపత్రి కౌంటర్ కింద. కొత్తగా చేరిన కుర్రకారు వాటివైపు కన్నెత్తి కూడా చూడరు.

ఏ సమాచారం ఏ దారిన పోవాలో ఆ రెండు పెట్టెలూ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. అందుకోసం లెక్క ప్రకారం పలకరించుకోవాలి. ఇక్కడిది పది సెకన్లకోసారి పలకరిస్తుంది. అక్కడిది ముప్పై సెకన్లకోసారి. ఏ మహానుభావుడు పెట్టాడో తెలియదు. లెక్క కలవకపోతే లైను బాగానే ఉన్నా రెండూ ముఖాలు తిప్పుకుని కూర్చుంటాయి, ఆసుపత్రికి రోగుల పరీక్షల రిపోర్టులు రావు. ఇక్కడినుంచే ఆ ముప్పైని పది చేస్తే చాలు, రెండు నిమిషాల పని. కాకపోతే మార్చాక సేవ్ చేయాలి. చేయకపోతే అక్కడ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె పాత లెక్కకే వెళ్ళిపోతుంది.

మొదటిసారి ఆయన సేవ్ చేయడం నిజంగానే మర్చిపోయాడు. అది నాలుగేళ్ళ కిందటి మాట, భార్య పోయిన ఏడాది. తొమ్మిది రోజులకి కరెంటు పోయింది, కౌంటర్లో కూర్చునే ఆవిడ ఫోన్ చేసింది. ఆయన పని చేస్తుండగా ఊరికే ఉండలేక, "గొంతేంటలా ఉంది అన్నయ్యా? ఏమైనా తిన్నారా?" అని అడిగింది.

ఆయన్ని ఆ మాట అడిగే మనిషి లేక అప్పటికి ఎన్నో నెలలైంది. ముప్పైని పది చేశాడు. సేవ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆ తర్వాత సేవ్ చేయకుండా ఉండటం ఒక్కసారీ మర్చిపోలేదు!

ఆవిడని ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ళ నొప్పి, అత్తగారి చిరాకులు, కిటికీలో ఎంతకీ పూయని మొక్క, అన్నీ తెలుసు. నెలకి ఒకటో రెండో ఫోన్లు. అవతల కరెంటు వాళ్ళు బాగా పనిచేసిన నెలలో ఆయనకి మనసు బాగుండేది కాదు.

ఓ మంగళవారం పన్ను పీకించుకుని పదకొండింటికి ఆఫీసుకొచ్చాడు. ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎక్కడికెళ్ళిపోయారన్నయ్యా? ఎనిమిదింటికి కరెంటు పోయొచ్చింది. అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నా."

"డాక్టరు దగ్గరికెళ్ళానమ్మా. ఇదిగో, చేస్తున్నా."

"ఇక్కడో పసిపిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. రిపోర్టు చూస్తేగానీ మందు రాయనంటున్నారు. మూడు గంటలైంది. ఆ తల్లి నా చేతులు పట్టుకుని ఏడుస్తోంది, నేనేం చెప్పను?"

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన పసిగొంతు ఫోన్లో వినిపించింది. ఆయన గబగబా ముప్పైని పది చేశాడు. రెండు నిమిషాలకి, "వచ్చేసింది!" అని ఆవిడ ఫోన్ కౌంటర్ మీద పెట్టేసి పరుగెత్తింది. అవతల ప్రింటరు చప్పుడు వింటూ ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. సేవ్ కొట్టాడు. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

ఆవిడ తిరిగొచ్చింది. "డాక్టరు చూస్తున్నారన్నయ్యా, పర్వాలేదట. హమ్మయ్య. మళ్ళీ కరెంటు పోతే ఎలాగో ఏమో!"

"పోయినా ఏం కాదమ్మా. ఇక నువ్వు ఫోన్ చేయక్కర్లేదు. పూర్తిగా బాగు చేసేశా."

"నిజంగా? ఎంత చల్లని మాట చెప్పారన్నయ్యా!" అంది ఆవిడ. మనస్ఫూర్తిగా సంతోషించింది. "ఉంటాను మరి, జనం ఉన్నారు."

ఏమైనా తిన్నారా అని అడగలేదు. పాపం, ఆవిడకి తీరిక ఎక్కడిది?

పన్నెండు రోజుల తర్వాత అక్కడ కరెంటు పోయింది. అవతలి పెట్టె ఆగిపోయినట్టు ఆయన తెరమీద కనిపించింది. కాసేపటికి మళ్ళీ లేచింది, పది సెకన్ల లెక్కతోనే. రెండు పెట్టెలూ కలిసిపోయాయి. ఆయన ఫోన్ వంక చూస్తూ అరగంట కూర్చున్నాడు. చివరికి రిసీవరు ఎత్తి, ఫోన్ పనిచేస్తోందో లేదో విని, పెట్టేశాడు.