బావకి చెప్పకుండా బిగించిన స్టీరింగు

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. పద్నాలుగేళ్ళ కిందట నేనొక మంచి పని చేశాను. దాని దెబ్బకి ఒక టీ కొట్టు బెంచీ, పదకొండు గుమ్మడికాయలు, మా బావ పరువు ఒకే పూటలో నేలమట్టమైపోయాయి.

ముందు బండి సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు అప్పలనాయుడు మల్కాపురంలో ఉండేవాడు. ఆయనకో పాత పికప్పు వ్యాను. దాని అసలు రంగేమిటో దాన్ని చేసినవాళ్ళు కూడా చెప్పలేరు. అన్నిటికన్నా గొప్పది స్టీరింగు. సగం చుట్టు తిప్పేదాకా ముందు చక్రాలకి కబురు అందేది కాదు. అందాక కూడా అవి కాసేపు ఆలోచించుకుని గానీ కదిలేవి కావు. అలాంటి బండిని బావ తొమ్మిదేళ్ళు తోలాడు! తిన్నని రోడ్డు మీద కూడా రెండు చేతులూ కుడికి సగం చుట్టు, ఎడమకి సగం చుట్టు తిప్పుతూనే ఉండేవాడు. చూసేవాళ్ళకి డ్రైవరు కాదు, ఎవరో మజ్జిగ చిలుకుతున్నట్టుండేది. మలుపొస్తోందంటే పది గజాల ముందే తిప్పడం మొదలు. మిగతా బళ్ళకి విశాఖ నుంచి భీమిలి ఎంత దూరమో, మాకు అంతకి ఒకటిన్నర రెట్లు. అడ్డంగా నడిచింది కూడా కలుపుకోవాలి కదా మరి.

ఆ రోజుల్లోనే భీమిలిలో చేపల వ్యాపారం చేసే మస్తాన్ సాయిబు గారికి రోజూ పొద్దున్నే ఐసు దిమ్మలు చేరవేసే బండి కావలసి వచ్చింది. "సోమవారం నేనే వచ్చి బండిలో కూర్చుంటా. బండీ నచ్చాలి, డ్రైవరూ నచ్చాలి" అన్నారాయన. నచ్చితే బావకి ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే బండిని పాత ఇనప సామాను కొట్టుకి తోలేసి, నలభై ఏళ్ళ వయసులో ఎవరి లారీలోనో క్లీనరుగా ఎక్కాలి. మా అక్క ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

శనివారం బావ అనకాపల్లిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళాడు. తాళం ఇంట్లోనే ఉంది. నా బుర్రలో దీపం వెలిగింది. నా బుర్రలో దీపం వెలిగిన ప్రతిసారీ ఎవరో ఒకరి కొంప అంటుకుంటుందని అప్పటికింకా నాకు తెలీదు.

బండిని విశాఖ పాత ఊళ్ళో కరీం భాయ్ షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కు. ఆయన చూస్తుండగానే జాకీ పెట్టి, వీపు మీద పాక్కుంటూ బండి కిందకి దూరాను. స్టీరింగు నుంచి చక్రాలకి వెళ్ళే కడ్డీల కొసల్లో కీళ్ళు అరిగిపోయి, ముసలమ్మ నోట్లో ఆఖరి పన్నులా ఊగుతున్నాయి. పీకేశాను. కొత్తవి వేశాను. స్టీరింగు పెట్టె మీది స్క్రూని వైద్యుడు నాడి పట్టుకున్నట్టు పట్టుకుని పావు చుట్టు బిగించాను. కరీం భాయ్ పానాలు అందిస్తూ, "వాహ్ బాబూ! ఇలాంటి చెయ్యి నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు. తీరా చూస్తే, చిటికెన వేలితో ముట్టుకుంటే చాలు, చక్రాలు పలుకుతున్నాయి.

ఇంటికి రాగానే అక్క అడిగింది.

"మీ బావకి ఫోన్ సేసి సెప్పేవేటి?"

"సెప్పేత్తే మజా ఏటుంటాదే అక్కా? సోమారం పొద్దున్న స్టీరింగు ముట్టుకోగానే ఏడుత్తాడు సూడు!"

ఏడుస్తాడన్నది నేను సరిగ్గానే చెప్పాను.

సోమవారం తెల్లారింది. బావ చెయ్యి ముందే స్టీరింగు మీద పడకుండా, బండిని రాత్రే నేను చేపల రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీకి తోలుకెళ్ళి పెట్టాను. పొద్దున్నే అక్కడే దిమ్మలు ఎక్కించాం. మస్తాన్ సాయిబు గారు తెల్లటి లాల్చీలో వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. నేను మధ్యలో, గేరు రాడ్డుకి అటో కాలూ ఇటో కాలూ వేసుకుని, నవ్వు ఆపుకుంటూ. బావ స్టీరింగుకి దణ్ణం పెట్టి బండి కదిలించాడు.

గేటు దాటగానే ఎడమకి మలుపు. తొమ్మిదేళ్ళ అలవాటు కదా! బావ పది గజాల ముందే సగం చుట్టు తిప్పాడు. బండి ఆలోచించుకోలేదు. అక్కడికక్కడే ఎడమకి తిరిగి నేరుగా టీ కొట్టు మీదకి నడిచింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కళాసీలు గ్లాసులతో సహా గాల్లోకి లేచారు. చుక్క ఒలకలేదు. బెంచీ మాత్రం రెండు ముక్కలు.

"ఓరి నాయనో! ఏటిరా ఇది?" అని బావ కుడికి సగం చుట్టు తిప్పాడు. బండి కుడివైపు కాలవ దాకా వెళ్ళి తొంగి చూసింది. మళ్ళీ ఎడమకి. మళ్ళీ కుడికి.

"ఒరే సిన్నారావూ, బండి నా సేతిలో నేదురా!"

సాయిబు గారు రెండు చేతుల్తో డాష్‌బోర్డుని వాటేసుకుని, "నాయుడూ, నేను భీమిలి వెళ్దామన్నాను. టీ తాగుదామన్లేదు" అన్నారు.

అప్పుడే చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఎలా చెప్పను? బండి రాయిలాంటిదని బావ ఆయనకి చెప్పి ఉన్నాడు. తొమ్మిదేళ్ళు లూజు స్టీరింగుతో తోలాడని ఆయన చెవిలోనే వెయ్యనా? అందుకని ఎంతో తెలివిగా అన్నాను:

"దిష్టి బావా! ఎవడో పాపిష్టోడు కళ్ళెట్టేడు. అప్పన్న కొండ కింద పూజ సేయించేద్దాం."

బావ బిక్కమొహంతో సాయిబు గారి వైపు చూశాడు. ఆయన చెమట తుడుచుకుని, "ఎవరి దేవుడైతే ఏంటి బాబూ, బండి తిన్నగా పోతే చాలు. పద" అన్నారు.

మొదటి గేరు దాటకుండా సింహాచలం బయల్దేరాం. బావ మామూలుగానే చిలుకుతున్నాడు. బండి ఆయన చిలికినట్టల్లా వింటోంది. వెనక ఐసు కరిగి నీళ్ళు కారుతున్నాయి. అద్దంలో చూస్తే రోడ్డు పొడుగునా పాము మెలికల ముగ్గు. ఒక సైకిలతను మా కంటే ముందు చేరి కొండ కింద టిఫిను కూడా కానిచ్చేశాడు.

పూజారి గారు బండికి పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. "ఏమీ లేదు నాయనా, తిన్నగా ఒక్క అడుగు ముందుకి పోనీ" అన్నారు.

తిన్నగా! బావ కదిలించడానికి ముందే అలవాటుగా సగం చుట్టు తిప్పాడు. ముందు చక్రాలు పక్కకి తిరిగేసరికి వాటి కింది నిమ్మకాయలు రెండూ దొర్లి ప్రాణాలు దక్కించుకున్నాయి. బండి మాత్రం వాటి పక్కనుంచి వెళ్ళి దిష్టి గుమ్మడికాయల దుకాణంలో ఆగింది. పదకొండు కాయలు. ఏకకాలంలో.

పూజారి గారు పగిలిన కాయల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తర్వాత, "నాయనా, ఒక్క బండికి ఇంత దిష్టి తియ్యక్కర్లేదు" అన్నారు.

బావ ఇంజను ఆపేశాడు. కిందకి దిగి, గుమ్మడి గింజల మధ్య కూలబడి, రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"బండిది కాదురా తప్పు. నా సేతులే పోనాయి. నాను బండి తోలడం మర్సిపోనాన్రా." తాళం సాయిబు గారి వైపు చాచాడు. "మీరు ఇంకెవుల్నైనా సూసుకోండి బాబూ. నాకీ పని వొద్దు."

నేనూ వెళ్ళి బావ పక్కనే ఆ గింజల్లో కూలబడ్డాను.

"బావా... సేతులకేటి అవనేదు. స్టీరింగు... నానే బాగు సేయించీసినాను."

"ఎప్పుడు?"

"నువ్వు పెళ్ళికెల్లినప్పుడు."

"సెప్పొద్దేటిరా?"

"నువ్వు మురిసిపోతావనీ..."

బావ లేచాడు. చేతికందిన గుమ్మడి చెక్క నా నెత్తిన పగిలింది. ఆ రోజు పగిలిన గుమ్మడికాయల్లో న్యాయంగా పగిలింది అదొక్కటే. అంతా విని, సాయిబు గారు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. తర్వాత తాళం తీసుకుని నా చేతిలో పెట్టారు.

"బండి భేషుగ్గా ఉంది. నాయుడు తొమ్మిదేళ్ళు ఆ బండిని రోడ్డు మీద నిలబెట్టాడంటే మామూలు డ్రైవరు కాదు, పని అతనిదే. కానీ చేతులు కుదుటపడేదాకా, నెల రోజులు, రోజూ తెల్లారగట్ల నువ్వు తోలు. అదే నీకు సజా."

ఎనిమిది కొట్టకుండా దుప్పటి తియ్యని మనిషిని నేను!

తిరిగొస్తూ బావ కరీం భాయ్ షెడ్డు దగ్గర ఆపించాడు. "భాయ్, నీకు పున్నెముంటాది, పాతలాగ లూజు సేసీ."

కరీం భాయ్ పానా కింద పెట్టేశాడు. "ముప్ఫై ఏళ్ళుగా బిగించమనేవాళ్ళే వచ్చారు నాయుడూ. వదులు చెయ్యమన్నవాడివి నువ్వే." అని నా వైపు ఒక చూపు చూశాడు.

ఆ నెలంతా బావ ఇంట్లో కంచాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకుండా కూర్చునేవాడు. అక్క దాన్నిండా చారు పోసి, "ఒలికిందంటే మల్లీ మొదలు" అనేది. నెలాఖరుకి చుక్క ఒలకలేదు. బండి తిన్నగా భీమిలి వెళ్ళింది, ఒకటిన్నర రెట్లు కాకుండా.

కాబట్టి సమస్త దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: సొంతదారుకి చెప్పకుండా ఈ భూమ్మీద దేన్నీ బిగించను, బిగించనివ్వను. బోల్టులే కాదు, ఆవకాయ జాడీ మూత కూడా.

ఇక ఆ ఒట్టు సంగతి. గుమ్మడికాయలు నిజం. గాల్లోకి లేచిన టీ గ్లాసులూ నిజమే. అబద్ధం ఒక్కచోట ఉంది. బండి కిందకి పాక్కుంటూ వెళ్ళింది కరీం భాయ్. పానాలు అందించింది నేను, అందులోనూ రెండు తప్పువి. పనయ్యాక ఆయన చేతులు తుడుచుకుంటూ ముమ్మారు చెప్పాడు, "బాబూ, ఇంటికెళ్ళగానే మీ బావకి ఈ మాట చెప్పు" అని. ఆ మాట ఈ రోజు దాకా నా దగ్గరే ఉండిపోయింది.

బావా, కరీం భాయ్ సెప్పమన్నాడు. స్టీరింగు టైటు అయిపోనాదంట. కొన్నాళ్ళు మెల్లగా తిప్పమన్నాడు.