గద్దకొండ మీద ఏడు రోజులు

తాక్ ఓక్హీ సియోల్‌లోని సైన్య చరిత్ర విభాగంలో చేరిన కొత్తలో, 1950 నాటి కొరియా యుద్ధంలో కింది లోయలోని మనవాళ్లు గద్దకొండను ఏడు రోజులు కాచారని పుస్తకం రాసింది. కొండ కింద స్మారకశిల మీద అలాగే ఉంది మరి. రాతిమీద చెక్కింది అబద్ధమెందుకవుతుందనుకుంది, వెర్రి మొహం!

ఆ ఒక్క మాట నమ్ముకుని, ఇరవయ్యేళ్ల తర్వాత పైవాళ్లు కొత్త రక్షణ ప్రణాళిక గీశారు. మళ్లీ యుద్ధమొస్తే ఆ లోయవాళ్లే, ఎనిమిది వందల మంది రైతులూ కార్మికులూ, తుపాకులు పట్టి ఏడు రోజులు కొండను కాయాలట. సైన్యం సాయం ఆ తర్వాతేనట.

ప్రణాళికకు ముందుమాట రాయమన్నారు. ఒకసారి చూసొద్దామని ఓక్హీ లోయకు వెళ్లింది. సంతలో ఒక ముసలమ్మ చేపలవాడితో పోట్లాడుతోంది.

"ఒక్క చేప కూడా మిగల్లేదంటాడమ్మా, వీడి దుంపతెగ! రేపు మావారి తద్దినంలో ఏం పెట్టను?"

"నేనేం చేసేది అవ్వా? రేపు మీ ఊళ్లో పదకొండిళ్లలో తద్దినాలే!" అన్నాడు వాడు.

ఓక్హీ అక్కడే వేళ్ల మీద లెక్కేసింది. రేపు చాంద్రమానంలో ఐదో నెల పద్నాలుగు. కొండ మీద పోరు మొదలైంది పదమూడున.

పట్టు వదల్లేదు మనిషి. కొండ మీద మగవాళ్లు పోయిన ముప్పై నాలుగిళ్లు తిరిగింది. అన్ని గోడల మీదా కేలెండర్లలో తద్దినానికి సున్నా చుట్టిన తేదీ అదే. అంటే రెండో రోజుకే అందరూ పోయారు!

సంతకం పెట్టాల్సిన జనరల్ ప్యొన్ విని పకపకా నవ్వాడు.

"ఏమండీ తాక్ గారూ, వంటింటి కేలెండర్లతో యుద్ధం చేయమంటారా? మీ పుస్తకంలోనూ ఏడే ఉందిగా!"

"నా పుస్తకం తప్పండి. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి. సంతకం మాత్రం పెట్టకండి."

"మా నాన్న ఆ కొండ మీదే పోయాడు. ఏడు రోజులూ పోరాడి పోయాడు. జాగ్రత్తగా మాట్లాడండి."

"తెలుసండీ. మీ ఇంట్లో తద్దినం ఎప్పుడు?"

"ఐదో నెల పద్నా..."

జనరల్ ప్రణాళిక కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత కలం తీసి ఏడు కొట్టేశాడు. మొదటి రోజు సాయంత్రానికే సాయం కొండెక్కాలని పక్కన తన చేత్తోనే రాశాడు.

"నాకు రెండేళ్లప్పట్నుంచీ మా అమ్మ ఆ రోజున నాన్నకు మొక్కించేది," అన్నాడు తలెత్తకుండా. "నలభై ఐదు సార్లు మొక్కానండీ. ఒక్కసారీ రోజులు లెక్కపెట్టలేదు."