ఏ పచ్చ అని అడిగిన సారు

నేను చెప్తుంటె నా బిడ్డ లత రాస్తున్నది. నాకు సంతకం తప్ప ఏం రాదు. ఇంట్ల మనిషి మాయమైనోళ్లు ఇంక ఎవరన్న ఉంటే గీ తొవ్వ తెల్వాలె అని చెప్తున్న.

మా ఇంటాయన సిరిసిల్లల సాంచల మీద తువ్వాలలు నేసేటోడు. నక్సలైట్ అన్నల కాలంల తువ్వాలల మూట పట్టుకొని కోరుట్ల సంతకు పోయిండు, మల్ల రాలే. లతకు అప్పటికి నడక రాలే. అడివిల అన్నలల్ల కలిసిండని కొందరు, ఇంకో ఆమెను చేసుకున్నడని కొందరు. ఉన్నడో లేడో తెల్వకనే ఇన్నేండ్లు బొట్టు పెట్టుకున్న.

అప్పటి గుర్తు తెల్వని శవాల కాయితాలు సర్కారు మల్ల తీసి చూస్తున్నదట. జగిత్యాల ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. పొద్దుగాల ఆరింటికి సిరిసిల్లల బస్సెక్కినం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు టికెట్ పైసల్లేవు. వేములవాడల దిగి ఇంకో బస్సు. తొమ్మిదిన్నరకు జగిత్యాల. బస్టాండు బయట ఇడ్లీ తిన్నం.

ఆఫీసుల సారు చిన్న వయసోడే. కుర్చీ ఏపిచ్చిండు. నా పాత అర్జీ తీసి, "ఆయన భుజం మీది తువ్వాల అంచుకు ఆకుపచ్చ పోగు అని రాసిన్రు. గసొంటిది మా కాయితాలల్ల లేదవ్వా. అందుకే అప్పుడు కలువలే" అన్నడు.

"ఆకు ఎవలు పెట్టిన్రు సారూ? నేను పచ్చ పోగు అన్న."

సారు కలం ఆపిండు. "ఏ పచ్చ?"

"బంతిపువ్వు పచ్చ. ఇంటి తువ్వాలలు సాంచల సేటు తువ్వాలలల్ల కలువొద్దని ఒక్క పోగు గట్ల ఏసేటోడు."

అర్జీ రాసినాయన వేరే దిక్కు మనిషి. వాళ్లకు పచ్చ అంటే ఆకు రంగు, మాకు పసుపు రంగు. సారు ఇంకో ఫైలు తెచ్చి నిమ్మలంగ చదివిండు. రోడ్డు మీద ఎదురుకాల్పులు, మధ్యల చిక్కిన మనిషి, చేతుల మూట, తువ్వాల అంచుకు పసుపు పోగు, తుపాకి లేదు. తారీకు ఆయన సంతకు పోయిన దినందే. కోరుట్లల బొందపెట్టిన్రు.

"శానా ఆలస్యమైంది. మాఫ్ చెయ్యి అవ్వా" అన్నడు. సర్కారు మనిషి నన్ను మాఫీ అడుగుతడని కలల సుత అనుకోలే.

పన్నెండింటికి బస్సెక్కి ఒంటిగంటకు కోరుట్లల దిగినం. సారు ఫోన్ చేసి చెప్పిండట, ఖాజా భాయ్ బస్టాండ్ల నిలవడి ఉన్నడు. ముసలాయన. దిక్కులేని శవాలకు మట్టిచ్చేటోడు. తుమ్మచెట్ల పక్కన జాగ చూపిచ్చిండు.

"ఎట్ల యాదికున్నది భాయ్?" అన్నది లత.

"మీ నాయిన పొడుగు మనిషి బేటీ. గుంత చాలక రెండుసార్లు తవ్విన. నా నడుము నొప్పి ఆయన ఇచ్చిందే. ముఖం మీద మట్టి పొయ్య చేతులు రాక ఆయన భుజం మీది పచ్చ పోగు తువ్వాలే కప్పిన."

లత నవ్వింది, ఎన్కనే ఏడ్సింది. కొబ్బరికాయ కొట్టినం. ఖాజా భాయ్ ఇంట్ల అన్నం, పప్పు పెట్టిన్రు.

మీరు పోతే అర్జీ పూరా చదివిపిచ్చుకున్నంకనే సంతకం పెట్టుండ్రి.

నాలుగింటికి కథలాపూర్ మీదికెళ్లి వేములవాడ బస్సు దొరికింది. పక్కన బీడీలు చేసే ఆమె కూసున్నది. "మీ ఇంటాయన ఏం చేస్తడక్కా?" అని అడిగింది. గీ మాటకు భయపడే నేను ఎవ్వల పక్కన కూసునేదాన్ని కాదు.

"సచ్చిపోయిండు చెల్లె" అన్న.

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. వేములవాడ దాంక, బస్సు మంది చూస్తుండంగనే, కడుపునిండ ఏడ్సిన. ఆ సారు సల్లగుండ. ఆ భాయి సల్లగుండ.